బిల్లు డబ్బు గడువులోగా రాకపోతే చిన్న పరిశ్రమ యజమాని ఏం చేయాలి? మొదటి కాగితం నుంచి కౌన్సిల్ తీర్పు దాకా

"సరుకు దించి ఏడు నెలలైందండీ. అడిగితే వచ్చే వారం అంటారు. గట్టిగా అడిగితే ఆర్డర్లు ఆపేస్తామంటారు. ఏం చేయమంటారు?"

ఈ మాట నెలకు నాలుగైదుసార్లయినా వింటున్నాను. బాలానగర్‌లో లేత్ పని చేసేవాళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు, అట్టపెట్టెలు చేసేవాళ్లు, కంపెనీలకు మెయింటెనెన్స్ సేవలు ఇచ్చేవాళ్లు, అందరిదీ ఇదే గోడు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. చదివి పక్కన పెట్టకుండా మీ బిల్లుల ఫైలు ముందేసుకుని ఒక్కో మెట్టూ చేసుకుంటూ వెళ్లండి.

చట్టం గురించి తెలియాల్సింది కొంచెమే. ఎంఎస్ఎంఈడీ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు గడువులోగా డబ్బు కట్టాలని, కట్టకపోతే మామూలు వడ్డీ కాదు, ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని అందులో ఉంది. వసూలుకు సివిల్ కోర్టు మెట్లెక్కకుండా ఫెసిలిటేషన్ కౌన్సిల్ అనే వేదిక పెట్టారు. కొనుగోలుదారు ప్రైవేటు కంపెనీ కావచ్చు, ప్రభుత్వ రంగ సంస్థ కావచ్చు, ప్రభుత్వ శాఖ కూడా కావచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఉద్యమ్ సర్టిఫికెట్ (మీది సూక్ష్మ, చిన్న లేదా మధ్యతరహా సంస్థ అని ప్రభుత్వం ఇచ్చే నమోదు పత్రం), పర్చేజ్ ఆర్డరు లేదా వర్క్ ఆర్డరు, ఇన్‌వాయిస్‌లు, సరుకు అందినట్టు సంతకం ఉన్న డెలివరీ చలాన్లు, ఇ-వే బిల్లులు, లారీ రసీదులు, ఆ పార్టీ లెడ్జర్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఈ బాకీ గురించి నడిచిన ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు. అన్నీ లేకపోయినా కంగారు పడకండి. ఏది లేదో ముందు తెలుసుకోవడానికే ఈ జాబితా.

1. ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి. యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రూ. 2.5 కోట్లు, టర్నోవరు రూ. 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. పెట్టుబడి రూ. 25 కోట్లు, టర్నోవరు రూ. 100 కోట్లు దాటకపోతే చిన్న సంస్థ. రెండు షరతుల్లో ఏ ఒక్కటి దాటినా పై తరగతిలోకి వెళ్లిపోతారు. ఎగుమతుల టర్నోవరును ఈ లెక్కలోంచి తీసేస్తారు.

ఇక్కడ ముగ్గురు ఆగి ఆలోచించుకోవాలి.

మధ్యతరహా సంస్థలకు ఉద్యమ్ నంబరు ఉంటుంది గానీ, ఆలస్య చెల్లింపుల రక్షణ ఉండదు. అది సూక్ష్మ, చిన్న సంస్థలకే.

కొని అమ్మే వ్యాపారులకు, అంటే టోకు, చిల్లర వర్తకులకు, 2021 జులై నుంచి ఉద్యమ్ నమోదు ఇస్తున్నారు. అయితే దాని ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. బాకీ వసూలుకు ఈ దారి వాళ్లకు తెరుచుకోదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే.

నిర్మాణం, ఇన్‌స్టలేషన్ లాంటి వర్క్స్ కాంట్రాక్టులు చేసేవాళ్లు ముందు లాయర్‌ను కలవాలి. సరుకూ పనీ కలిసిన కాంట్రాక్టులు ఈ చట్టం కిందికి రావని కొన్ని హైకోర్టులు చెప్పాయి. వీలైతే ఇకముందు సరుకుకు ఒక ఆర్డరు, పనికి ఒక ఆర్డరు విడివిడిగా తీసుకోండి.

2. ఉద్యమ్ సర్టిఫికెట్ తీసి అందులో మూడు గళ్లు చదవండి

సర్టిఫికెట్ గోడకు తగిలించి ఉంటుంది, లోపల ఏం రాసుందో మాత్రం ఎవరూ చూడరు. ఇప్పుడు చూడండి.

మొదటిది, ప్రధాన కార్యకలాపం. తయారీ లేదా సేవలు అని ఉండాలి. ఇంటర్నెట్ సెంటర్లో తొందరగా నింపించినప్పుడు "ట్రేడింగ్" అని పడిపోయినవి చాలా చూశాను. మీరు తయారీదారు అయ్యుండి కాగితం మీద వ్యాపారి అయితే, అవతలి లాయర్ మొదటి వాయిదాలోనే దాన్ని పట్టుకుంటాడు. పోర్టల్‌లో లాగిన్ అయి, మీ పని ఏ రకమో తెలిపే ఎన్ఐసీ కోడ్‌తో సహా సరిదిద్దుకోండి.

రెండోది, తరగతి. సూక్ష్మ అనో చిన్న అనో ఉండాలి.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, నమోదు తేదీ. ఆ తేదీ మీ కాంట్రాక్టు కంటే, సరుకు పంపిన రోజు కంటే ముందుదై ఉండాలి. బాకీ మొండికేశాక నమోదు చేయించుకుని కేసు వేస్తే పాత బిల్లులకు రక్షణ రాదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులోనూ, 2022లో మహాకాళీ ఫుడ్స్ కేసులోనూ చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ అంశాన్ని ముగ్గురి ధర్మాసనానికి పంపింది. ఆ కేసు మీద ఆశ పెట్టుకుని నమోదు వాయిదా వేయకండి. ఇంకా ఉద్యమ్ నంబరు లేకపోతే ఈ రోజే తీసుకోండి, కనీసం రేపటి బిల్లులైనా భద్రంగా ఉంటాయి.

నమోదుకు ఆధార్, పాన్, అవసరమైనవాళ్లకు జీఎస్టీ నంబరు చాలు. ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఖర్చు లేదు, రెన్యువల్ అనేదే లేదు. "మీ ఉద్యమ్ గడువు ముగిసింది, రూ. 2,500 కట్టండి" అని ఫోన్ వస్తే అది మోసం. చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" లేని సైట్లలో ఆధార్ నంబరు ఇవ్వకండి.

నంబరు వచ్చాక దాన్ని ఇన్‌వాయిస్ మీద అచ్చు వేయించండి. ప్రతి ఏప్రిల్‌లో అన్ని పార్టీలకూ సర్టిఫికెట్ జతచేసి ఒక ఈమెయిల్ పంపండి. "మీరు చిన్న సంస్థ అని మాకు తెలియదు" అనే సాకు దాంతో పోతుంది.

3. సరుకు అందిన తేదీకి రుజువు సంపాదించండి

ఈ వ్యవహారం మొత్తానికి ఇరుసు ఇదే. గడువు, వడ్డీ, కేసు అన్నీ ఈ ఒక్క తేదీ నుంచే లెక్క. కౌన్సిల్‌లో గట్టిగా వాదించడం వల్ల గెలిచినవాళ్ల కంటే, చలాన్ మీద తేదీ వేయించుకోవడం వల్ల గెలిచినవాళ్లనే ఎక్కువ చూశాను.

లేత్ షాపు నడిపే ఒకాయన ఓసారి ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు తెచ్చి నా బల్ల మీద పోశారు. పదిహేడు చలాన్లు. నూనె మరకలు, మడతలు, కొన్నింటి మీద స్క్రూల డబ్బా తుప్పు గుర్తు. ఆరింటి మీద అవతలి కంపెనీ గేటు స్టాంపు, తేదీ, టైము స్పష్టంగా ఉన్నాయి. మిగతా పదకొండింటి మీద కింద ఒక వంకర సంతకం ఉంది, అంతే. పేరు లేదు, తేదీ లేదు. "మా కుర్రాడు ఎప్పుడూ ఆయన దగ్గరే దించుతాడండీ, అందరికీ తెలుసు" అన్నారు. అందరికీ తెలిసిన ఆ స్టోర్ కీపరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆ పదకొండు బిల్లుల తేదీలు వేరే దారిలో నిరూపించడానికి మాకు రెండు నెలలు పట్టింది.

మీ చలాన్ల మీద కూడా తేదీ లేకపోతే ఈ దార్లు ప్రయత్నించండి:

- వాళ్లు ఈమెయిల్‌లో పంపిన జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు వాళ్ల స్టోర్స్ రాసుకునే నోటు. ఉంటే ఇదే అన్నింటికంటే బలమైన కాగితం.
- రవాణా సంస్థ దగ్గర డెలివరీ ముద్ర ఉన్న లారీ రసీదు. ఇ-వే బిల్లు ఒక్కటే చాలదు. అది బండి బయల్దేరిందని చెబుతుంది గానీ, చేరిందని చెప్పదు.
- వాళ్లు మీ బిల్లు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్న వివరం. సరుకు అందకుండా క్రెడిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, క్రెడిట్ తీసుకున్నాక "సరుకు రాలేదు" అనడం వాళ్లకు కష్టం.
- మీ ఫారం 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల వివరం. ఆ బిల్లు మీద టీడీఎస్ కోసి ఉంటే, బిల్లును వాళ్లు తమ ఖాతాల్లో రాసుకున్నారనే అర్థం.
- వాట్సాప్‌లో "మెటీరియల్ రిసీవ్డ్" అన్న సందేశం. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఆ ఫోన్‌ను మార్చకండి.

సేవలు ఇచ్చేవాళ్లకు చలాన్ ఉండదు. పని ముగిసిన రోజున "ఫలానా పని పూర్తయింది, బిల్లు జతచేశాం" అని ఈమెయిల్ పెట్టడం అలవాటు చేసుకోండి. నెలవారీ సేవలైతే వాళ్ల మేనేజరు సంతకంతో సర్వీస్ రిపోర్టు తీసుకోండి.

సరుకు నచ్చలేదని అభ్యంతరం చెప్పాలంటే వాళ్లు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్న రోజు అవుతుంది. ఏడు నెలల తర్వాత, మీరు డబ్బు అడిగాక, "క్వాలిటీ బాగాలేదు" అంటే గడువు లెక్క మారదు. కానీ 15 రోజుల్లోపే రాసి ఉంటే, మీరు దాన్ని సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. అందుకే సరిచేసిన రోజును కూడా రాతలో పెట్టించుకోండి.

4. గడువు తేదీ లెక్కకట్టండి

సరుకు జనవరి 5న అందిందనుకుందాం.

- చెల్లింపు గడువు గురించి రాతపూర్వక ఒప్పందం ఏదీ లేదు: 15 రోజులు. జనవరి 20లోగా కట్టాలి, 21 నుంచి వడ్డీ.
- పర్చేజ్ ఆర్డరులో 30 రోజులు అని ఉంది: ఫిబ్రవరి 4లోగా.
- పర్చేజ్ ఆర్డరులో 90 రోజులు అని ఉంది: చట్టం 45 రోజులు దాటనివ్వదు. ఫిబ్రవరి 19లోగా.
- జనవరి 12న రాతపూర్వక అభ్యంతరం వచ్చింది, మీరు 25న సరిచేశారు: లెక్క జనవరి 25 నుంచి మొదలవుతుంది. ఒప్పందం లేకపోతే ఫిబ్రవరి 9లోగా.

తరచూ చూసే పొరపాటు ఏమిటంటే, ప్రతి బిల్లుకూ 45 రోజులు ఉన్నాయనుకోవడం. ఆ 45 గరిష్ఠ పరిమితి మాత్రమే. రాతలో ఏమీ లేకపోతే మీ హక్కు 15 రోజులకే మొదలవుతుంది. ఇంకో పొరపాటు ఇన్‌వాయిస్ తేదీ నుంచి లెక్కించడం. ఎప్పుడూ సరుకు అందిన తేదీ నుంచే లెక్కించండి, లేకపోతే మీ పట్టిక మొత్తం తప్పని అవతలివాళ్లు చూపిస్తారు.

5. వడ్డీ పట్టిక తయారుచేయండి

వడ్డీ రేటు ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా అసలుకు కలిసే చక్రవడ్డీ. బ్యాంకు రేటు వేరు, రెపో రేటు వేరు. రెండింటినీ కలగాపులగం చేసిన పట్టికలు చాలాసార్లు నా దగ్గరకు వచ్చాయి. 2025 డిసెంబరు 5న ఆర్‌బీఐ ప్రకటనలో రెపో 5.25 శాతం, బ్యాంకు రేటు 5.50 శాతం. ఈ రెండోదే మనకు కావాలి.

5.50ని మూడుతో గుణిస్తే ఏడాదికి 16.50 శాతం, నెలకు 1.375 శాతం. రూ. 4,00,000 బాకీ మీద మొదటి నెల వడ్డీ రూ. 5,500. రెండో నెల వడ్డీ రూ. 4,05,500 మీద పడుతుంది. ఇలా ఆరు నెలలకు రూ. 34,155, పన్నెండు నెలలకు రూ. 71,227 అవుతుంది. మీ ఎక్సెల్ షీటు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఈ అంకెలు పెట్టి చూడండి. పన్నెండు నెలలకు రూ. 66,000 చూపిస్తే మీరు బారువడ్డీ వేశారన్నమాట.

బాకీ ఉన్న కాలంలో బ్యాంకు రేటు మారితే ఏ తేదీ నుంచి ఏ రేటు వేశారో పట్టికలో విడిగా చూపండి. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి దాకా బ్యాంకు రేటు 6.75 శాతం, తర్వాత అంచెలంచెలుగా తగ్గింది. మధ్యలో కొంత డబ్బు వస్తే వచ్చిన తేదీన తగ్గించండి. ప్రతి బిల్లుకూ ఒక వరస ఉండాలి. మొత్తం బాకీకి కలిపి ఒకే వరస వేయకండి.

"ఆలస్యానికి వడ్డీ ఇవ్వబడదు" అని పర్చేజ్ ఆర్డరు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటే? భయపడనక్కర్లేదు. ఒప్పందంలో ఏమున్నా ఈ వడ్డీ ఇవ్వాల్సిందేనని సెక్షన్ 16 చెబుతోంది.

6. కేసుకు ముందు ఒక్క మంచి ఉత్తరం రాయండి

నా అనుభవంలో సగానికి సగం బాకీలు ఇక్కడే తేలిపోతాయి. ఉత్తరం కొనుగోలు విభాగానికి కాదు, అకౌంట్స్ హెడ్‌కు, కంపెనీ అయితే డైరెక్టర్లకు కూడా పంపండి. కొనుగోలు మేనేజరుకు మీ మీద కోపం రావచ్చు. అకౌంట్స్ హెడ్‌కు మాత్రం చట్టం అర్థమవుతుంది. ఎందుకంటే మీకు డబ్బు ఆపడం వల్ల ఆయనకు నాలుగు తలనొప్పులున్నాయి.

ఒకటి ఆదాయపు పన్ను. గడువు దాటి మార్చి 31 నాటికి బాకీ మిగిలితే ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి లేదు, డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి సెక్షన్ 43బి(హెచ్) కింద ఇది అమలవుతోంది. జీఎస్టీ పోను రూ. 4,00,000 బాకీ ఉన్న ఒక భాగస్వామ్య సంస్థ మీద ఆ ఏడాది 30 శాతం లెక్కన రూ. 1,20,000, దానిపైన సెస్ అదనంగా పడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025లో సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి, ఉత్తరంలో నంబరు వేసేముందు మీ ఆడిటర్‌ను ఒక మాట అడగండి.

రెండోది, మీకు కట్టే ఆలస్య వడ్డీని వాళ్లు ఖర్చుగా చూపుకోలేరు. మూడోది, ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి, వడ్డీతో సహా. నాలుగోది కంపెనీలకే: 45 రోజులు దాటిన సూక్ష్మ, చిన్న సంస్థల బాకీలను ఎంఎస్ఎంఈ ఫారం 1లో ఏటా రెండుసార్లు, అక్టోబరు 31లోగా, ఏప్రిల్ 30లోగా కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలపాలి.

అందుకే ఉత్తరం పంపడానికి ఫిబ్రవరి నెల బాగా పనిచేస్తుంది. మార్చి 31 ముంగిట ఉంటుంది, ఆడిటర్ అడుగుతుంటాడు.

నమూనా ఇదిగో, ఖాళీలు నింపుకోండి:

"అయ్యా, మీ పర్చేజ్ ఆర్డరు నంబరు ……, తేదీ …… ప్రకారం మేము పంపిన సరుకు …… తేదీన మీ స్టోర్స్‌కు అందింది (గేటు ముద్ర ఉన్న చలాన్ ప్రతి జతచేశాం). 15 రోజుల్లోగా మీ నుంచి రాతపూర్వక అభ్యంతరం ఏదీ రాలేదు. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 సెక్షన్ 15 ప్రకారం …… తేదీలోగా చెల్లించవలసిన రూ. …… నేటికీ అందలేదు. సెక్షన్ 16 ప్రకారం నేటి వరకు వడ్డీ రూ. …… (పట్టిక జతచేశాం). మా ఉద్యమ్ సర్టిఫికెట్ ప్రతి జతచేశాం. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా చెల్లించగలరని కోరుతున్నాం. లేనిపక్షంలో సెక్షన్ 18 కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకుంటాం."

స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపి, స్పీడ్ పోస్టు చేరిన వివరాన్ని ప్రింట్ తీసి ఉంచండి. కోపంతో వాట్సాప్ బెదిరింపులు పెట్టకండి, అవి తర్వాత మీకే అడ్డొస్తాయి.

వాళ్లు వాయిదాలు అడిగితే ఒప్పుకోవచ్చు. అయితే బాకీ మొత్తం ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం తీసుకున్నాకే ఒప్పుకోండి. దీని వల్ల ఇంకో మేలుంది. బాకీ వసూలుకు మామూలు కాలపరిమితి మూడేళ్లు. ఆ మూడేళ్లు నిండకముందే వాళ్లు బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కాలపరిమితి ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకే ఏటా బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం తీసుకోవడం మానకండి. కాలం మించిన బాకీ కౌన్సిల్‌లో రాజీ ప్రయత్నం దాటి ముందుకు కదలడం కష్టం.

7. దరఖాస్తు వేయండి

2017 అక్టోబరు 30న ఎంఎస్ఎంఈ సమాధాన్ పోర్టల్ వచ్చింది. 2025 జూన్ 27న వివాదాన్ని ఆన్‌లైన్‌లోనే తేల్చే ఓడీఆర్ పోర్టల్ ప్రారంభమైంది. సమాధాన్ మొదటి పేజీలో ఉన్న సూచన చదివి, కొత్త దరఖాస్తులకు అది ఎటు పంపితే అటు వెళ్లండి. ఉద్యమ్ నంబరు, దానికి జతైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లాలి. ఆ ఫోన్ నంబరు ఇప్పటికీ మీ దగ్గరే ఉందో లేదో ముందే చూసుకోండి. ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ నంబరు ఉండిపోయి వారాల తరబడి ఆగిపోయినవాళ్లున్నారు.

కొనుగోలుదారు పుణెలో ఉన్నా, కోల్‌కతాలో ఉన్నా మీరు అక్కడికి పరుగెత్తనక్కర్లేదు. సరుకు ఇచ్చినవాళ్లు ఎక్కడ ఉన్నారో అక్కడి కౌన్సిల్‌కే అధికారం. పర్చేజ్ ఆర్డరులో "వివాదాలు ముంబై పరిధిలోనే" అని రాసున్నా, వేరే ఆర్బిట్రేటర్ (తీర్పు చెప్పే మధ్యవర్తి) పేరు ఉన్నా ఈ చట్టమే పైచేయి అని మహాకాళీ ఫుడ్స్ తీర్పు చెబుతోంది.

దరఖాస్తులో కొనుగోలుదారు పేరు పర్చేజ్ ఆర్డరు మీద ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఒకే గ్రూపులో మూడు కంపెనీలుంటాయి, ఆర్డరు ఇచ్చింది ఒకటి, సరుకు దించుకున్నది ఇంకొకటి, గతంలో డబ్బు వేసింది మూడోది. ఆర్డరు, బిల్లు ఎవరి పేరుతో ఉన్నాయో వాళ్ల మీదే వేయాలి. అసలు, వడ్డీ వేర్వేరు గళ్లలో చూపండి. అప్‌లోడ్ చేసిన ప్రతి పీడీఎఫ్‌నూ మళ్లీ తెరిచి చదవండి, ఫోన్లో తీసిన మసక ఫొటోలు పనికిరావు.

దాఖలు పూర్తయిందనడానికి గుర్తు దరఖాస్తు నంబరు. అది రాకపోతే డ్రాఫ్టుగా ఉండిపోయిందన్నమాట. నంబరు వచ్చాక కాగితాల సెట్టు కూడా ఇవ్వాలా, ఎన్ని ప్రతులు, రుసుము ఉందా అన్నది మీ రాష్ట్ర కౌన్సిల్ నిబంధనలను బట్టి ఉంటుంది. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి జనరల్ మేనేజరు కార్యాలయంలో అడగండి, సాయం చేస్తారు.

ఒక హెచ్చరిక. దరఖాస్తుకు ముందు ఆ కొనుగోలుదారు దివాలా ప్రక్రియలో ఉన్నారేమో చూడండి. కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ మారటోరియం విధించి, అంటే ఆ కంపెనీ మీద కేసులు నిలిపివేసి ఉంటే కౌన్సిల్ కేసు ముందుకు సాగదు. అప్పుడు దివాలా ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఫారం బిలో మీ క్లెయిము పంపాలి, ఆ గడువు చాలా తక్కువ.

8. కౌన్సిల్‌లో జరిగేది

ముందు రాజీ ప్రయత్నం. అది కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే ఇరువైపుల వాదన విని తీర్పు చెప్పడం. ఆ తీర్పునే అవార్డు అంటారు. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, నేను చూసిన కేసులు అంతకంటే ఎక్కువే పట్టాయి. ఆ ఆలస్యానికి సిద్ధపడే వెళ్లండి.

రాజీలో "అసలు ఇచ్చేస్తాం, వడ్డీ వదిలేయండి" అని అడగడం మామూలు. వదలాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాకు ఒకటే పట్టుదల: వడ్డీలో ఎంత వదిలినా సరే, డబ్బు వచ్చే తేదీలు, ఒక్క వాయిదా తప్పితే మొత్తం వడ్డీ తిరిగి వర్తిస్తుందన్న మాట సెటిల్‌మెంట్ కాగితంలో ఉండాలి. పోస్ట్‌డేటెడ్ చెక్కులు అందగానే కేసు వాపసు తీసుకోకండి, అవి పాసయ్యాకే తీసుకోండి.

అవతలివాళ్లు మీ మీదే ఎదురు క్లెయిము వేయొచ్చు, సుప్రీంకోర్టు దానికి దారి ఇచ్చింది. కాబట్టి వాళ్లు ఎప్పుడో పంపిన డెబిట్ నోట్లు, రిజెక్షన్ మెమోలు మీ దగ్గర ఉంటే దాచిపెట్టకండి. ఒప్పుకోవాల్సిన మొత్తాన్ని మీరే ముందుగా తగ్గించి చూపండి. రూ. 12,000 రిజెక్షన్‌ను దాచినందుకు మిగతా మూడు లక్షల బిల్లును కూడా అనుమానంగా చూసిన సందర్భం నాకు తెలుసు.

ప్రతి వాయిదాకూ వెళ్లండి. మీరు రాకపోతే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది.

9. అవార్డు చేతికొచ్చాక

అవార్డు వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. అయితే అక్కడి నుంచి మీ చేయి పైన ఉంటుంది. దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే వాళ్లు అవార్డు మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. అందులో కొంత మీకు ఇప్పించమని కోర్టును అడగవచ్చు. సవాలు చేయడానికి మూడు నెలలు, కారణం చూపితే మరో 30 రోజులు ఉంటాయి. ఆ గడువు దాటినా కట్టకపోతే అవార్డును కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. ఈ దశలో లాయర్ తప్పనిసరి. కొనుగోలుదారు బ్యాంకు ఖాతా వివరాలు మీ పాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతాయి, జప్తుకు పనికొస్తాయి, తీసి పెట్టుకోండి.

కేసు వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి

పెద్ద కంపెనీతో గొడవ పెట్టుకోలేం, రేపు మళ్లీ ఆర్డరు కావాలి అనుకునేవాళ్లు ట్రెడ్స్ చూడండి. బిల్లును బ్యాంకులకు డిస్కౌంట్‌కు ఇచ్చి ముందే డబ్బు తీసుకునే ఆన్‌లైన్ ఏర్పాటు ఇది. రూ. 250 కోట్లకు పైన టర్నోవరు ఉన్న కంపెనీలన్నీ 2025 మార్చి 31లోగా ట్రెడ్స్‌లో చేరాలని కేంద్రం 2024 నవంబరులో ఆదేశించింది. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ లాంటి వేదికల్లో మీ బిల్లును పెడితే, కొనుగోలుదారు ఒప్పుకున్నాక బ్యాంకులు పోటీపడి డిస్కౌంట్ చేస్తాయి. డబ్బు మీ ఖాతాలో పడుతుంది. తర్వాత కొనుగోలుదారు బ్యాంకుకు ఎగ్గొట్టినా మీ మీదికి రారు. చిక్కల్లా కొనుగోలుదారు ఆ బిల్లును అంగీకరించడమే. కాబట్టి ఇది ఇకముందు వేసే బిల్లులకు మంచి మందు, ఇప్పటికే మొండికేసిన పాత బాకీకి అంతగా పనిచేయదు. కొత్త ఆర్డరు మాట్లాడేటప్పుడే "బిల్లులు ట్రెడ్స్‌లో పెడతాం" అని పర్చేజ్ ఆర్డరులో రాయించుకోండి.

ఇవాళ సాయంత్రం చేయగలిగిన పరీక్ష

ఫైలులోంచి గడువు దాటిన ఒక బిల్లు తీయండి. సరుకు అందిన తేదీ ఏ కాగితం మీద ఉందో వేలు పెట్టి చూపగలరా? ఆ తేదీకి ముందే ఉద్యమ్ నమోదు ఉందా? 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం వచ్చిందా? మూడేళ్లు నిండడానికి ఇంకా ఎంత సమయం ఉంది? నాలుగింటికీ జవాబు కాగితం రూపంలో ఉంటే నేరుగా ఆరో మెట్టుకు వెళ్లి ఉత్తరం రాయండి. మొదటి దానికి లేకపోతే రేపు పొద్దున్నే రవాణా ఆఫీసుకు ఫోన్ చేసి పాత లారీ రసీదుల ప్రతులు అడగండి, వాళ్లు వాటిని ఎల్లకాలం దాచరు.